ఉప్పన్నా కలపండి అన్నాను

పది మాటలు చెప్పడమే మా పని. ఇంటింటికీ వెళ్ళాలి. ఆ ఇంటి ఆడవాళ్ళని వాకిట్లో కూర్చోబెట్టి, విరేచనాలు పట్టుకున్న మనిషికి ఉప్పూ బెల్లం నీళ్ళు ఎలా కలిపివ్వాలో పది ముక్కల్లో చెప్పాలి. వాళ్ళ కుండలోనే అర సేరు నీళ్ళు కొలిచి గీత గియ్యాలి. మూడు వేళ్ళతో, మొదటి కణుపు గీత దాకా, చిటికెడు ఉప్పు. పిడికెడు బెల్లం. వాళ్ళ చేతే కలిపించి, వాళ్ళ చేతే రుచి చూపించి, కన్నీళ్ళకన్నా ఉప్పగా లేదని ఒప్పించి, చివరికి ఆ పది మాటలూ వాళ్ళ నోటితోనే అప్పజెప్పించుకుని లేవాలి. నెల తిరిగాక సంస్థ నుంచి ఒక పరీక్షకుడు వస్తాడు. ఏ ఇంట్లో ఎన్ని మాటలు గుర్తున్నాయో అడిగి రాసుకుంటాడు. ఆ రాతను బట్టే మా జీతం.

అందుకని మేం పదకొండో మాట చెప్పేవాళ్ళం కాదు. పదకొండోది చెబితే పదిలో ఒకటి జారిపోతుందని భయం.

ఢాకా రాజధానిగా మా దేశం ఏర్పడి పదేళ్ళయిన రోజులవి. నేను మైమన్‌సింగ్‌లో జంతుశాస్త్రం చదివి ఇంటికొచ్చి కూర్చున్నాను. మా వైపు పల్లెలు ఏడాదిలో ఆరు నెలలు నీళ్ళ మధ్య దిబ్బల్లా ఉంటాయి, ఆరు నెలలు పొలాల మధ్య ఊళ్ళలా ఉంటాయి. అలాంటి దిబ్బ మీద పుట్టినదాన్ని కాబట్టి పడవెక్కడానికి, బురదలో దిగడానికి నాకు సిగ్గు లేదు. సంస్థ వాళ్ళకి అలాంటి పిల్లే కావాల్సి వచ్చింది. తీసుకున్నారు.

మొదటి పది రోజులు మాకు పాఠాలు. ఢాకా నుంచి వచ్చిన ఒక కుర్ర డాక్టరు నల్లబల్ల మీద పేగు బొమ్మ వేశాడు.

"పేగు లోపలి గోడ నున్నగా ఉండదు. తువ్వాలు మీద నూగులాగా సన్నటి వేళ్ళుంటాయి. ఆ వేళ్ళ మీద కణాలు, కణాల పొరలో తలుపులు. చెక్క తలుపులు కాదు, మాంసకృత్తులతో తయారైనవి. ఉప్పు తనంతట తాను గోడ దాటి ఒంట్లోకి పోలేదు, ఏదో ఒక తలుపు తియ్యాల్సిందే. ఉప్పు ఎటు పోతే నీళ్ళు అటు పోతాయి. కలరా ఏం చేస్తుందంటే, ఉప్పు ఒంటరిగా వెళ్ళే తలుపు మూసేస్తుంది. పైగా లోపల్నుంచి బయటికి తూము ఎత్తేస్తుంది. ఒంట్లో నీళ్ళన్నీ ఆ తూములోంచి పోతాయి. కానీ ఒక్క తలుపు జోలికి మాత్రం కలరా పోదు. ఉప్పూ చక్కెరా కలిసి వచ్చినప్పుడు తెరుచుకునే తలుపు అది. ఉప్పు ఒక్కటే వస్తే తెరుచుకోదు. చక్కెర ఒక్కటే వచ్చినా తెరుచుకోదు."

నా పక్కన బులు అని ఒక పిల్ల కూర్చునేది. నోరు ఊరుకునేది కాదు. "అంటే మొగుడూ పెళ్ళాం కలిసొస్తేనే అన్నం పెట్టే మా పెద్దత్త ఇల్లు లాంటిదన్నమాట," అంది. గదంతా నవ్వింది. డాక్టరూ నవ్వాడు.

"మరి బెల్లం లేని ఇంట్లో?" అని నేనడిగాను.

"గంజి," అన్నాడతను వెంటనే. "బియ్యంలో ఉన్న పిండి అంతా చక్కెర గొలుసే. పేగే దాన్ని ముక్కలుగా తెంపుకుంటుంది. గంజిలో ఉప్పు వేసి పట్టినా అదే తలుపు తెరుచుకుంటుంది. ఢాకాలో రోగుల మీద చూస్తున్నాం, బాగానే పనిచేస్తోంది." అని సుద్దముక్క కింద పెట్టి, "కానీ అది మీ పాఠంలో లేదు. ఇంటింటికీ వెళ్ళి కొత్త మాటలు చెప్పి గందరగోళం చెయ్యకండి," అన్నాడు.

నేను పుస్తకంలో రాసుకోలేదు. బుర్రలో మాత్రం ఉండిపోయింది.

*

ఆ ఏడు ఆశ్వయుజంలో నాకు పన్నెండు ఊళ్ళు అప్పగించారు. అందులో బొయ్రాహాటి ఒకటి. నలభై గడపలు కూడా లేని దిబ్బ. నేను వెళ్ళేసరికి నీళ్ళింకా వాకిళ్ళ అంచు దాకా ఉన్నాయి. బాతులు వంటింటి గోడకి ఆనుకుని ఈదుతున్నాయి.

ఆ ఊళ్ళో ఆఖరి ఇల్లు ఫిరోజాది. పాతికేళ్ళుంటాయి. సన్నగా, ఎత్తుగా, మాట్లాడేముందు ఒకసారి పెదవి కొరుక్కునే మనిషి. మొగుడు సిల్హెట్ వైపు రాళ్ళ పడవల మీద కూలికి వెళ్ళాడు. ఇంట్లో ఆమె, ఆమె అత్త సొబురన్, ఐదేళ్ళ కూతురు కొహినూర్. ఇంకో ముగ్గురు నలుగురు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా పీటలు తెచ్చుకుని కూర్చున్నారు.

ఫిరోజా వేలు ఎంత చురుకో చెప్పలేను. నేనొకసారి చూపించానో లేదో, మూడు వేళ్ళూ కలిపి ఉప్పు తీసి, గీత దగ్గర ఆపి, బొటనవేలితో పైపైన తుడిచేసి, "ఇంతేనా ఆపా?" అని అక్కని పిలిచినట్టు అంది. ఇంత సరిగ్గా ఆ నెలలో ఎవరూ తియ్యలేదు. నేను మెచ్చుకుంటే కొహినూర్ కూడా మూడు వేళ్ళు ముందుకు చాపి, "నాదీ చూడు, నాదీ చూడు," అని నా ఒళ్ళోకి ఎక్కింది.

"నీ చిటికెడుకి దోమకి కూడా విరేచనాలు తగ్గవు పోవే," అంది పక్కింటి ఆవిడ.

పది మాటలూ అయ్యాయి. ఫిరోజా అప్పజెప్పేసింది. నేను గొడుగు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు ఆమె పెదవి కొరుక్కుని అడిగింది.

"ఆపా, ఇంట్లో బెల్లం లేకపోతే?"

"కొనుక్కోవాలమ్మా."

"కార్తీకంలో నీళ్ళు తీసేస్తాయిగా. అప్పుడు పడవ నడవదు, కాలు సాగదు. సంతకి వెళ్ళాలంటే నడుం దాకా బురద. బెల్లం పడవ మా దిబ్బకి మాఘం దాకా రాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు ఈ జబ్బు వచ్చేది."

ఆమె అడిగింది న్యాయమైన మాట. నాకు జవాబు తెలుసు. పదకొండో మాట అది.

"గంజి ఉంటుందిగా," అన్నాను. "అన్నం వార్చిన గంజిలో..."

"ఏంటీ?"

సొబురన్ గుమ్మంలో కూర్చుని వల అల్లుతోంది. వల కింద పడేసి లేచి వచ్చింది.

"ఏమన్నావే పిల్లా? గంజా? నా మనవరాలికి గంజి పొయ్యమంటున్నావా?"

"అది కాదు ఖాలమ్మా, జబ్బు చేసినప్పుడు..."

"నువ్వు పుట్టావా తెల్లదొరల నాటి ఆ యాభయ్యో ఏడు కరువుకి? మీ అమ్మని అడుగు. నాకు పదహారేళ్ళు. రేకు డబ్బా పట్టుకుని కిశోర్‌గంజ్‌లో ఇల్లిల్లూ తిరిగి, 'అన్నం వద్దమ్మా, కాస్త గంజి పొయ్యండమ్మా' అని అరిచాను. మా తమ్ముడు ఆ డబ్బా ముందే పడి చచ్చిపోయాడు. వాడి మూతి మీద గంజి ఎండిపోయి ఉంది. నేను గోటితో గీకి తీశాను. ఆ రోజు అల్లా మీద ఒట్టు పెట్టుకున్నా, నా ఇంట్లో పుట్టినవాళ్ళ నోట్లో గంజి చుక్క పడనివ్వనని. మా ఇంట్లో గంజి ఆవు తాగుతుంది. మనుషులు తాగరు. విన్నావా?"

పక్కింటావిడ నా వైపు చూసి కన్ను గీటింది. "సొబురన్ బుబు ముందు ఆ మాట ఎత్తితే అంతే ఆపా. మొన్న మా కోడలు గంజిలో చీర ముంచితే కూడా తిట్టింది." అందరూ నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. సిగ్గూ వేసింది. డాక్టరు చెప్పిందంతా ఆమెకి విడమర్చి చెప్పొచ్చు. గంజిని ఆహారంగా కాదు, మందుగా చూడమని చెప్పొచ్చు. రెండుసార్లు తిట్టించుకుంటే మూడోసారి వినేదేమో. కానీ పొద్దు వాలుతోంది, పడవవాడు రేవులో దగ్గుతున్నాడు, పైగా ఇది నా పాఠంలో లేని మాట. ఫిరోజా ఇంకా నా మొహంలోకే చూస్తోంది. ఏదో ఒక జవాబు ఇచ్చి లేవాలి.

"సరేలే," అన్నాను. "బెల్లం లేకపోతే ఉప్పన్నా కలిపివ్వండి. ఏమీ లేనిదానికన్నా నయం."

ఫిరోజా తలూపింది. ఆమెకి చెప్పిన మాట మరిచిపోయే అలవాటు లేదు.

*

మార్గశిరంలో పరీక్షకుడు మొతాలేబ్ సాబ్‌తో కలిసి మళ్ళీ బొయ్రాహాటి వెళ్ళాను. మామూలుగా మేం పరీక్షకుడితో వెళ్ళకూడదు. ఆ రోజు ఆయనకి దారి తెలియక నన్ను తీసుకెళ్ళాడు. వాకిట్లోకి రాకుండా బయట ఉండమన్నాడు. నేను గడ్డివాము పక్కన నిలబడ్డాను. మాటలు వినబడుతున్నాయి, మనిషి కూడా కనబడుతోంది.

ఫిరోజా పది మాటలూ చెప్పింది. ఒక్కటి తప్పలేదు. విరేచనాలంటే ఏమిటో, ఒంట్లోంచి ఏం పోతుందో, ఎంత నీళ్ళు, ఎంత ఉప్పు, ఎంత బెల్లం, ఎప్పుడు పట్టాలో, ఎంతసేపు నిలవ ఉంచొచ్చో, అన్నం మానకూడదని, అన్నీ. గొంతులో ఎత్తూ పల్లం లేవు. మొతాలేబ్ సాబ్ మొహం విప్పారింది.

"శభాష్. ఈ నెలలో పదికి పది నీకే వచ్చాయమ్మా. ఎప్పుడైనా వాడావా?"

"వాడాను సాబ్."

"ఎవరికి?"

"నా బిడ్డకి. కార్తీకంలో."

"తగ్గిందా?"

ఫిరోజా పెదవి కొరుక్కుంది. "తెల్లవారుజామున మొదలైంది. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకి పోయింది."

మొతాలేబ్ సాబ్ కలం ఆగింది. నేను గడ్డివాము వెనకకి జరిగాను. ఆమెకి కనపడకూడదనే జరిగాను, అది ఇవాళ ఒప్పుకుంటున్నాను.

"సరిగ్గానే కలిపావా?" అన్నాడు సాబ్ మెల్లగా.

"బెల్లం లేదు సాబ్. బెల్లం లేకపోతే ఉప్పన్నా కలిపివ్వమని..." అని ఆగింది. నా పేరు చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. "ఉప్పు నీళ్ళు పట్టాను. అర సేరు, మళ్ళీ అర సేరు, మళ్ళీ. ఎంత పట్టిస్తే అంతా పోయేది. మూడు వేళ్ళతోనే తీశాను. కానీ నాట్లప్పుడూ కోతలప్పుడూ పని చేసిన చెయ్యి సాబ్ ఇది, వేళ్ళు లావెక్కాయి. ఎక్కువ పడిందేమో. మీరు చూసి చెప్పండి." అని కుడిచేతి మూడు వేళ్ళూ కలిపి ఆయన ముందు చాపింది.

మొతాలేబ్ సాబ్ ఆ వేళ్ళ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "అల్లా ఇష్టం అమ్మా," అన్నాడు. కాగితం మీద పది అంకె వేసి సంతకం పెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు గట్టు మీద ఆయనన్నాడు. "నువ్వేం బాధపడకు లుత్ఫా. నీ పది మాటలూ సరిగ్గానే చెప్పావు. అవతలివాళ్ళు బెల్లం వెయ్యకపోతే మనమేం చేస్తాం?"

"ఆమె బెల్లం లేకపోతే ఏం చెయ్యాలని నన్నడిగింది సాబ్."

"నువ్వేమన్నావు?"

నేను గట్టు మీద ముందుకి నడిచాను. ఆయన రెండోసారి అడగలేదు. మంచివాడే. తన కాగితం పాడు చేసుకోవడం ఇష్టం లేని మంచివాడు.

ఆ రోజు నుంచి ఆ పిల్ల పేగు నా కళ్ళలో మెదిలేది. నేను చదువుకున్నదాన్ని కదా, ఆ గోడ నాకు కనబడేది. ఆ నూగు, ఆ వేళ్ళు, వేళ్ళ మీద లక్షల తలుపులు. ఉప్పు వచ్చి గోడ పొడుగునా తిరుగుతోంది. ఒంటరి తలుపు మూసుంది. జంట తలుపులు తెరుచుకోవడానికి సిద్ధంగా ఉన్నాయి, కానీ తోడు రాలేదు. వాకిట్లో నిలబడి నిలబడి ఉప్పు కిందికి జారిపోతోంది, నీళ్ళనీ వెంటబెట్టుకుని. పట్టినకొద్దీ పోయిందని ఫిరోజా అన్నది అదే. ఆమె వేళ్ళు లావైతే ఏమి, సన్నమైతే ఏమి? చిటికెడు సరిగ్గానే ఉంది. దానికి తోడు లేదు.

అది నేను ఆమెతో చెప్పాల్సింది. మర్నాడే వెళ్ళి చెప్పాల్సింది. వెళ్ళలేదు. పుష్యం గడిచింది, మాఘం గడిచింది. వేరే ఊళ్ళు, వేరే వాకిళ్ళు. ఎవరైనా బెల్లం లేకపోతే అనడం మొదలుపెడితే నేను అదిరిపడి, "కొనుక్కోండి, తప్పకుండా కొనుక్కోండి," అని లేచిపోయేదాన్ని.

*

ఫాల్గుణంలో సంతలో బొయ్రాహాటి పక్కింటావిడ కనబడింది. ఎండు చేపలు బేరమాడుతోంది. నన్ను గుర్తుపట్టి పలకరించింది.

"ఫిరోజా ఎలా ఉంది?" అన్నాను.

"బాగానే ఉంది ఆపా. పాప పోయాక మొగుడొచ్చి ఉండి వెళ్ళాడు, మళ్ళీ నెల తప్పింది, ఐదో నెల. కానీ ఒకటే పిచ్చి. ఉప్పు ముట్టుకోదు. కూరలో ఉప్పు వెయ్యాలంటే అత్తని కేకేస్తుంది. అత్త ఇంట్లో లేకపోతే మా ఇంటికొచ్చి, 'బుబు, కాస్త మా కూరలో ఉప్పెయ్యవా' అంటుంది. మొదట్లో నవ్వుకున్నాం, 'ఏంటే, మీ కూరకి మేం ఉప్పేశామని రేపు మొగుడితో చెబుతావా' అని. ఇప్పుడు నవ్వడం మానేశాం. తన చెయ్యి మంచిది కాదంటుంది. ఆ చేత్తో పుట్టేదాన్ని ఎలా ముట్టుకోను అంటుంది."

ఆవిడ మళ్ళీ చేపల బేరంలో పడింది. నేను సంత సంచీ అక్కడే ఎవరికో అప్పజెప్పి, పొలాల మీదుగా నడిచాను. నీళ్ళు పోయి దారి ఎండింది. రెండు గంటల నడక. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడగట్టుకున్నాను. తప్పు నీ వేళ్ళది కాదు, నా మాటది. ఇంతే చెప్పాలి. గంజి ఊసు ఎత్తకూడదు. ఆ ఊసు ఎత్తితే ఆ ముసలిదాని మెడకి చుట్టుకుంటుంది. ఆమె మనవరాలు కూడా పోయిందిగా. నా తప్పు నా దగ్గరే ఉండాలి.

ఫిరోజా కొలను గట్టున గిన్నెలు తోముతోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని పక్కనే కూర్చున్నాను.

"నీతో ఒక మాట చెప్పాలని వచ్చాను."

"చెప్పండి ఆపా. పది మాటలూ గుర్తున్నాయి నాకు."

ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే అంది. అందుకే మరీ గుచ్చుకుంది.

చెప్పాను. నల్లబల్ల మీద చూసిందంతా, నాకు చేతనైనట్టు. పేగు గోడ, తలుపులు, ఉప్పు ఒంటరిగా వెళ్ళే దారి కలరాలో మూసుకుపోవడం, ఉప్పూ తీపీ కలిసి వెళ్ళే తలుపు. "నీ చిటికెడులో తప్పు లేదు. నీ అంత సరిగ్గా తీసినవాళ్ళని నేను చూడలేదు. ఎంత సరిగ్గా తీసినా ఉత్త ఉప్పు లోపలికి పోదు. అది నాకు తెలుసు. తెలిసి కూడా ఉప్పన్నా కలపమన్నాను. నీ బిడ్డకి నీ చెయ్యి చెడు చెయ్యలేదు. నా నోరు చేసింది."

ఫిరోజా బూడిద అంటిన తన చేతిని చూసుకుంది. నీళ్ళలో ముంచి కడిగి మళ్ళీ చూసుకుంది.

"మరి మీరెందుకలా చెప్పారు?"

"తొందరలో చెప్పాను."

"తొందరలో," అంది ఆమె. ఆ మాటని ఒకసారి నోట్లో వేసుకుని చూసినట్టు అంది. తర్వాత ఎడమ చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. "ఇది శ్రావణంలో పుడుతుంది. కార్తీకానికి మూడో నెల. ఆపా, బెల్లం లేకపోతే ఏం చెయ్యాలి? ఈసారి నిజం చెప్పండి."

దారి పొడుగునా కూడగట్టుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నకి చెదిరిపోయింది. చెప్పకపోతే మళ్ళీ అదే తప్పు. చెబితే...

"చంటిబిడ్డకి రొమ్ము మానొద్దు, అదే ముందు మందు," అన్నాను. "కాస్త పెద్దయిన పిల్లలకైతే, పెద్దవాళ్ళకైతే, గంజి. పల్చటి గంజిలో ఉప్పు. బియ్యంలోనే ఆ తీపి దాగి ఉంటుంది, పేగుకి దాన్ని బయటికి తియ్యడం తెలుసు."

ఫిరోజా కడిగిన గిన్నె గట్టు మీద బోర్లించింది. "ఆ రోజు అన్నం వార్చాను," అంది. "అత్తమ్మకి అన్నం పెట్టాలిగా అని వార్చాను. గంజి ఆవుకి పోశాను. పాప చూస్తూనే ఉంది. 'ఆవుకి పోస్తున్నావా అమ్మా' అని అడిగింది కూడా. దాహం దాహం అంటోంది అప్పటికే."

వెనక పలుపు తాడు ఈడ్చిన చప్పుడైంది. సొబురన్. ఆవుని నీళ్ళకి తోలుకొచ్చింది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. ఆమె మొహం చూస్తే మొత్తం విన్నదని తెలిసిపోయింది.

"అయితే నేనే చంపానా?" అంది.

"లేదు ఖాలమ్మా. నేను తప్పు మాట..."

"నోరుముయ్. సగం నిజం చెప్పడానికి ఇంత దూరం నడిచొచ్చావా?" తాడు వదిలేసింది. ఆవు తనంతట తానే నీళ్ళ దగ్గరికి పోయింది. సొబురన్ గట్టు మీద చతికిలబడింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గొంతు ఎంత తగ్గిపోయిందంటే ముందుకి వంగి వినాల్సి వచ్చింది.

"నీకా తలుపు సంగతి ఆ రోజే తెలుసా?"

"తెలుసు."

"తెలిసి కూడా నాతో ఎందుకు పోట్లాడలేదే? నేనేమన్నా పులినా? నాలుగు కేకలేసే ముసలిముండని. నా కేకలకి ఈ ఊళ్ళో కోళ్ళు కూడా బెదరవు. నువ్వు చదువుకున్న పిల్లవి. ఒక్క మాట గట్టిగా అంటే ఏం పోయేది? 'ముసల్దానా, నీ ఒట్టు నీ దగ్గర పెట్టుకో, ఇది పసిదాని ప్రాణం' అని ఎందుకనలేదు? నన్ను తిట్టాల్సింది. జుట్టు పట్టుకుని కూర్చోబెట్టి చెప్పాల్సింది. నువ్వు గొడుగు తీసుకుని పడవెక్కావు."



ఫిరోజా తోమిన గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టుకుంది. అత్త వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. "అత్తమ్మా, ఆవు అవతలి మడిలోకి పోతోంది," అని మాత్రం అని, గిన్నెలు నడుం మీద పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆమె వెనక సొబురన్ లేవబోయి, ఆగిపోయింది. ఇద్దరిదీ ఒకే గడప, ఒకే పొయ్యి. ఆ పొయ్యి దగ్గర ఇక ఎలా కూర్చుంటారో అనుకున్నాను. ఒకరి చేతి మీద పడ్డ బరువు తీసి ఇంకొకరి నెత్తిన పెట్టి వచ్చాను. తియ్యకుండా ఉండలేకపోయాను, పెట్టకుండానూ ఉండలేకపోయాను. ఆ ఆశ్వయుజం సాయంత్రం కాసేపు తిట్లు తినుంటే ఈ రెండూ అవసరం పడేవి కావు.

సొబురన్ నా వైపు తిరిగి అడిగింది.

"ఇలా ఉప్పన్నా కలపమని ఇంకా ఎన్ని ఇళ్ళల్లో చెప్పావు?"

నాకు అప్పటిదాకా ఆ ఆలోచన రాలేదంటే నమ్మరు. ఒక్క కొహినూర్‌నే చూస్తూ కూర్చున్నాను. ఆ ఆశ్వయుజంలో బొయ్రాహాటి తర్వాత ఇంకా ఐదు ఊళ్ళు తిరిగాను. బెల్లం లేకపోతే అని అడిగిన ప్రతిచోటా, ఒకసారి నోటికి అలవాటైన జవాబే చెప్పాను. ఎంతమంది అడిగారో గుర్తులేదు. ఎవరడిగారో గుర్తులేదు.

"తెలియదు ఖాలమ్మా."

"మరి ఇక్కడ కూర్చున్నావేం?"

లేచాను. ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాను. సంస్థకి చెప్పలేదు, సెలవడగలేదు. ఇల్లిల్లూ తిరిగి, "పోయిన ఆశ్వయుజంలో నేనొక మాట తప్పు చెప్పాను," అని మొదలుపెట్టేదాన్ని. కొందరు నవ్వారు. కొందరు ఎవరు నువ్వన్నారు. గంజి అనగానే మొహం చిట్లించిన ముసలమ్మలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళతో పోట్లాడాను. ఒకావిడ చీపురు తిరగేసింది, అయినా కదలకుండా కూర్చుని ఆమె చేతే గంజి కాయించి, ఆమె చేతే ఉప్పు వేయించి లేచాను. ఒక ఇంట్లో నేను మాట మొదలుపెట్టగానే ఆ ఇంటావిడ చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకి ఎవరు పోయారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

వైశాఖంలో కోతలు ముగిశాక వానలు ముందే పట్టుకున్నాయి. పైనుంచి నీళ్ళొచ్చి దారులు మునిగిపోయాయి. నా చేతిలో పడవ లేదు, ఈ పనికి సంస్థ పడవ ఇవ్వరు. నాలుగు ఊళ్ళు పూర్తయ్యాయి. ఐదోది మిగిలిపోయింది. ఆ ఊరి పేరు శిబ్‌పాశా. గట్టు మీద నిలబడితే దూరంగా దాని కొబ్బరి చెట్ల తలలు కనబడుతున్నాయి. నీళ్ళు ఎక్కుతూనే ఉన్నాయి. కార్తీకానికి ఇంకా ఆరు నెలలు.